అంగుళానికి ఇరవై క్యాన్లు

బండి ఎంత లేపాలో తేల్చుకోవాలంటే ముందు అది ఎక్కడ తగులుతోందో తెలియాలి. అందుకని ఒక పొద్దున యూనివర్సిటీ పక్కగేటు లోపల, పోలీసులు చూస్తుండగా, మట్టిగట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా సుద్దపొడి చల్లాను.

"ఏందయ్యా, ముగ్గేస్తున్నవా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్, కుర్చీలోంచి లేవకుండానే.

"కొలతకండి."

"కొలతకండీ," అని పక్కనున్న కానిస్టేబుల్ నా యాస పట్టి నవ్వాడు.

నిండు బండిని మెల్లగా గట్టు ఎక్కించి దింపాను. కింద పడుకుని చూస్తే సుద్ద రెండుచోట్ల అంటింది. వెనక కింద వేలాడే స్టెప్నీకి, సైలెన్సరుకి. ఇరుసుకు అంటలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఇరుసే తగులుతుంటే పెద్ద టైర్లు వేయడం తప్ప దారి లేదు. ఇరుసు మీద స్ప్రింగుల్లా బండిని మోసే కమాన్ పట్టీలు ఎన్ని పేర్చినా ఇరుసు లేవదు, వాటి మీద కూర్చున్న బండి లేస్తుంది. పెద్ద టైర్లు కొనే స్థితిలో నేను లేను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మేం తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న కోస్తా నుంచి చర్చి బడిలో టీచరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇంటర్ తప్పి, మౌలాలిలో ధర్మకాంటా మీద, అంటే లారీలు తూచే కాటా మీద, పదకొండేళ్ళు పనిచేశాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. లారీ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చూసి చూసి, పట్టీలు ఎంత వంగాయో దాన్నిబట్టి బరువు చెప్పడం అలవాటైంది. ఆ పదకొండేళ్ళలో కాగితం మీద తెలిసి ఒక్క తప్పు అంకె వేయలేదు. మంచివాణ్ణని కాదు. వేస్తే దాన్ని మోస్తూ తిరగాలని భయం.

తర్వాత ఒక పాత పికప్పు కొని మంచినీళ్ళ క్యాన్లు వేయడం మొదలుపెట్టాను. క్యాన్లు రెండు వరసల్లో పేర్చి కట్టడానికి వెనక డబ్బా మీద మనిషెత్తు ఇనుప చట్రం వెల్డింగు చేయించాను. యూనివర్సిటీలో మూడు హాస్టళ్ళకు కలిపి ఒకటే మెస్సు. అక్కడికి రోజూ అరవై క్యాన్లు. క్యానుకు ఇరవై లీటర్లు, ఇరవై కిలోలు. మొత్తం పన్నెండు వందల కిలోలు.

గొడవలు పెరిగాక పెద్దగేటు మూసేశారు. పక్కగేటు ఒక్కటే తెరిచేవారు, అదీ పాసున్న బండ్లకు. నా పాసు మీద వాహనం ఒకటి, డ్రైవరు ఒకరు అని రాసి ఉండేది. లోపలి నుంచి ఏ బండీ వేగంగా రాకుండా, గేటు నుంచి ఇరవై అడుగులు లోపలికి సిమెంటు పైపు అడ్డం పడేసి మట్టి పోశారు. గట్టు ఎత్తు ఏడంగుళాలు. నా నిండు బండికి సైలెన్సరు కింద ఉన్న ఖాళీ ఆరంగుళాలు. మొదటిరోజు సైలెన్సరు వంగింది. రెండోరోజు ఊడింది. మూడోరోజు తీగతో కట్టుకుని వస్తే గట్టు మీదే మళ్ళీ ఊడి, ఇంజను చప్పుడుకు హాస్టల్ ముందు టెంటులో దీక్షకు కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

"అంకుల్," అన్నాడు గడ్డం పెంచిన ఒక రీసెర్చి విద్యార్థి, దగ్గరికొచ్చి చూసి. "పోలీసోళ్ళ కంటే నీ బండి ఎక్కువ భయపెడ్తున్నది."

మెస్సులో నీళ్ళు దింపుకునేది వంటాయన. కర్నూలు వైపు మనిషి. నాకంటే పదేళ్ళు చిన్న, నాకంటే ముప్ఫై కిలోలు ఎక్కువ. గేటు మూసినప్పుడు లోపల ఉన్నాడు, అంతే, లోపలే ఉండిపోయాడు. విద్యార్థులకు గుర్తింపు కార్డులుంటాయి. మెస్సులో పనిచేసేవాళ్ళకు అవి లేవు. లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే అని గేటు దగ్గర ఒకటే మాట. అతని భార్య గోల్నాకలో అద్దె ఇంట్లో ఉంది. గేటు మూసిన మూడోరోజు ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

"రెండున్నర కిలోలంట అన్నా," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. నేను కాటా మనిషినని తెలుసు కాబట్టి నన్ను అడిగాడు. "తక్కువేమో?"

"తక్కువేం కాదు. సరిపోయింది."

"బిడ్డను నేను యాడ సూసినా? నీ క్యాన్ల మధ్య కూసోబెట్టుకుని బయటికి తీసకపో అన్నా. ఎవురు సూస్తారు?"

"పాసులో డ్రైవరు ఒకరనుంది."

"నాకు డ్రైవింగే రాదు కదన్నా. నేను డ్రైవర్నెట్లయితా?"

నవ్వాను గానీ తీసుకెళ్ళలేదు. నాలుగు రోజులు వరసగా అడిగాడు. నాలుగు రోజులూ పాసు సంగతే చెప్పాను. నేను కోస్తావాణ్ణి. నా నోట్లోంచి ఒక 'అండీ' రాగానే గేటు అవతలివాళ్ళూ, ఇవతలివాళ్ళూ నన్ను ఎగాదిగా చూసే రోజులు. పోలీసులకు దొరికితే పాసు పోతుంది. పాసు పోతే ఇల్లు గడవదు. ఐదోరోజు నుంచి అతను అడగడం మానేశాడు. క్యాను భుజాన పెట్టుకుని వెళ్తూ ఒకసారి నా వైపు చూసేవాడు. అడిగినప్పుడే నయం అనిపించింది.

సైలెన్సరు మూడోసారి కూడా ఊడాక మౌలాలి వెళ్ళాను. గుట్ట మీది దర్గా కనపడే వీధిలో ఒక ఉస్తాద్ కమాన్ల పని చేసేవాడు. ధర్మకాంటా రోజుల నుంచి పరిచయం. ఏడువేల లోపు పని కావాలన్నాను.

"ఏడువేల్ల మూడు తీర్ల చేయొచ్చు భాయ్, రెండు తీర్ల పాడు చేయొచ్చు," అన్నాడు.

ఆయన చెప్పిన మొదటి దారి, ఇరుసుకూ పట్టీలకూ మధ్య రెండంగుళాల ఇనుపదిమ్మ పెట్టి, పొడుగు యూ బోల్టులతో బిగించడం. రెండున్నర వేలు. రెండోది, పట్టీల కట్ట వెనక కొసను పట్టుకుని ఉండే కొక్కేలను పొడుగు చేయడం. ఇంకా చవక, కానీ బండి తోక లేచిన కోడిలా ఉంటుంది. మూడోది, పాత పట్టీలను మళ్ళీ వంపు తిప్పి, ఒక్కో వైపు కొత్త పట్టీ ఒకటి చేర్చడం. ఆరున్నర వేలు.

ఆ మాట విని ఇంటికొచ్చి రెండు సాయంత్రాలు లెక్క వేసుకున్నాను. మా ఆవిడ కాగితాలు చూసి, "గట్టు తవ్వేయమని అడగొచ్చుగా," అంది. అడిగాను కూడా. నవ్వారు.

దిమ్మ పెడితే బండి ఎప్పుడూ రెండంగుళాలు పైనుంటుంది, కానీ బరువుకు కుంగేది ఎంత కుంగాలో అంతా కుంగుతుంది. పట్టీ చేరిస్తే కుంగడమే తగ్గుతుంది. ఇప్పుడు పన్నెండు వందల కిలోలకు మూడున్నర అంగుళాలు కుంగుతోంది. అది మూడు అవుతుంది. పాత పట్టీలకు తిప్పే వంపుతో కలిపి నిండు బండి రెండంగుళాలు లేస్తుంది. ఆరంగుళాల ఖాళీ ఎనిమిదవుతుంది. గట్టు ఏడు. అంగుళం మిగులు. స్టెప్నీ ఎలాగూ తీసేశాను. గట్టు దిగేటప్పుడు బ్రేకు వేస్తే దిమ్మ మెలి తిరుగుతుందని కూడా ఉస్తాద్ అన్నాడు. అందుకని నాలుగువేలు ఎక్కువైనా పట్టీలే అన్నాను.

పని మొదలుపెట్టే ముందు ఆయన సుత్తి పక్కన పెట్టి ఒక మాట అడిగాడు.

"ఖాళీ బండి ఎంత లేస్తదో చూస్కున్నవా?"

"ఖాళీ బండికి గట్టు తగలదు కదా ఉస్తాద్."

"నీ బండి, నీ లెక్క," అన్నాడు.

నా లెక్కలన్నీ నిండు బండి మీదే వేశాను. ఇబ్బంది పెట్టింది నిండు బండి కాబట్టి. ఈ తప్పు మామూలు డ్రైవరు చేయడు. ఖాళీ బండి చూడగానే కంటికే తెలుస్తుంది అతనికి. నేను కంటితో చూడటం మాని కాగితం చూశాను.

మర్నాడు అరవై క్యాన్లతో గేటు దగ్గరికి వెళ్తే, గేటు స్తంభాల మీద కొత్తగా ఒక ఇనుపకమ్మీ అడ్డంగా కనపడింది. పెద్ద లారీలు రాకుండా ముందురోజే బిగించారట. హెడ్ కానిస్టేబుల్ బండి పక్కన నడుస్తూ, పైకి చూస్తూ, "రా, రా, రా," అన్నాడు. నా చట్రం కమ్మీ కిందకు రాగానే ఆపమన్నాడు. బండి చక్రం మీదకు ఎక్కి, చట్రానికీ కమ్మీకీ మధ్య చిటికెనవేలు పెట్టాడు. వేలు పట్టింది.

"అరంగుళం," అన్నాను.

"నువ్వు చెప్తే అరంగుళమే," అన్నాడు. ఆయనకు నా మీద ఆ గురి ఉండేది. పాసు ఇచ్చిన రెండోరోజే ఆయన రిజిస్టరులో కూడిక తప్పు చూపించాను. అప్పటినుంచి వచ్చిన బండ్లూ, పోయిన బండ్లూ నాచేత ఒకసారి కూడించేవాడు.

గట్టు మీద చప్పుడే లేదు. టెంటులోవాళ్ళు చప్పట్లు కొట్టారు. మెస్సు వెనక క్యాన్లు దింపి, నీళ్ళు తొట్టిలో పోశాం. అంతకుముందు రోజు బండి వర్క్‌షాపులో ఉండి నేను రాలేదు, తొట్టి అడుగంటింది. వంటాయనే అరవై క్యాన్లూ వంచాడు. ఖాళీవి ఎక్కించుకుని బయల్దేరాను. గట్టు దాటాను. గేటు కిందకు వచ్చాను.

ఠంగుమంది.

దిగి చూశాను. క్యాబిన్ కమ్మీ దాటింది. వెనక చట్రం కమ్మీకి తగిలి ఆగింది. టేపు తీసి కొలవక్కరలేదు, అయినా కొలిచాను. రెండున్నర అంగుళాలు ఎక్కువ. పన్నెండు వందల కిలోలు దిగిపోయాయి, పట్టీలు మూడంగుళాలు లేచాయి, అందులో అర పోగా రెండున్నర. రెండు సాయంత్రాల కాగితాల్లో ఈ ఒక్క తీసివేత లేదు.

వెనక్కి తీసి, గట్టుకూ గేటుకూ మధ్య నిలబెట్టాను. ఇరవై అడుగుల జాగా. అటు విద్యార్థులు మూగారు, ఇటు పోలీసులు.

"వచ్చేటప్పుడు పట్టింది, పోయేటప్పుడు ఎందుకు పట్టదు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కమ్మీ అదే, బండి అదే."

"బరువు లేదండి. ఇరవై క్యాన్లు దిగితే బండి అంగుళం లేస్తుంది. అరవై దింపాను."

ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. "ఇరవైకి అంగుళమా?"

"అంగుళానికి ఇరవై."

"టైర్ల గాలి తియ్."

"తీస్తే తార్నాక దాకా ఒట్టి రిమ్ముల మీద పోవాలండి. స్టెప్నీ కూడా తీసేశాను."

కమ్మీ విప్పమని అడిగితే అది తన చేతిలో పని కాదన్నాడు. చట్రం కోద్దామంటే రంపం లేదు, బందు వల్ల వెల్డింగు షాపులన్నీ మూసి ఉన్నాయి. మిగిలింది బరువు. తొట్టిలోంచి యాభై క్యాన్లు మళ్ళీ నింపితే చాలు, రేపు తెచ్చి పోస్తాను అని విద్యార్థులతో అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాకుండా ఉండాల్సింది.

"ఏందీ? తాగే నీళ్ళు బయటికి తీస్కపోతవా?" అన్నాడొకడు.

"అన్నా, సూడుండ్రి. గింత లొల్లి చేస్తున్నది దేనికి? నీళ్ళ కోసమే. ఈయన మన కండ్ల ముందే మన నీళ్ళు క్యాన్లల్ల నింపుకొని పోతడంట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో వెనక ఎవరో నవ్వకుండా, "ఈయన్ని ఎవరు పంపిన్రో అడుగుండ్రి," అన్నారు. నవ్వు తగ్గిపోయింది. బండికి ఆనుకుని నిలబడ్డాను. ముందుకు కమ్మీ, వెనక్కి గట్టు, చుట్టూ నా యాస కాని మాట. బయట మా ఇల్లు కిలోమీటరున్నర దూరం కూడా లేదు.

గడ్డం విద్యార్థి ముందుకొచ్చాడు. "నీళ్ళు ఇయ్యం అంకుల్. బరువే కావాలె గదా? మేం కూసుంటం."

"నాకు వెయ్యి కిలోలు కావాలి బాబూ."

"వెయ్యేంది, లచ్చ మంది ఉన్నం."

కానీ కమ్మీ దాటాలంటే బండితోపాటు వాళ్ళూ గేటు బయటికి పోవాలి. అక్కడ పోలీసు వ్యాను నిలబడి ఉంది. ఎక్కించుకుపోతారని వాళ్ళ భయం. బయటికొచ్చి పారిపోతారని, లేకపోతే రోడ్డు మీద కూర్చుంటారని హెడ్ కానిస్టేబుల్ భయం. ఆయన ఒకసారి గేటు బయటి పోలీసు టెంటు వైపు చూశాడు.

"ఎస్సై అన్నం తింటున్నడు. ఆయన చెయ్యి కడిగే లోపల అయిపోవాలె. ఎంతమంది పోతరో గంత మంది రావాలె. ఒక్కడు తక్కువైతే నా కొలువు పోతది."

"మీరు ఒక్కణ్ణి పట్టుకున్నా ఊకోం. లెక్క ఎవరు పెడ్తరు?" అన్నాడు గడ్డం విద్యార్థి.

"ఈయన," అని నన్ను చూపించాడు.

"ఆంధ్రాయననా?"

"నా రిజిస్టర్లనే తప్పు పట్టిండు. ఆయన లెక్క తప్పడు."

విద్యార్థి నన్ను ఎగాదిగా చూసి, "సరే," అన్నాడు.

సుద్దముక్క తీసి బండి పక్కబోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరే వచ్చి బరువు చెప్పారు. యాభై రెండు, అరవై ఒకటి, నలభై తొమ్మిది. అరవై అని చెప్పిన ఒకణ్ణి చూసి యాభై నాలుగు వేశాను. "దీక్షల కూసున్నంక తగ్గిన అంకుల్," అన్నాడు. పదిహేడు మందికి తొమ్మిది వందల యాభై అయిదు వచ్చింది. ఇంక యాభై వస్తే కమ్మీని రాసుకుంటూ పోతుంది, డబ్బాలో చోటు ఒక్కడికే ఉంది, ఆ ఒక్కడూ బరువైనవాడైతే నయం అన్నాను.

"బరువైనోడు కావాల్నంటే నేనుండా," అన్న మాట వినపడింది. వంటాయన చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"కాకా ఒక్కడే ఇద్దరు!" అని అరిచారు.

అతను నా వైపు చూడలేదు. బోర్డు వైపు చూస్తూ, "తొంభై నాలుగు," అన్నాడు. రాశాను. వెయ్యిన్ని నలభై తొమ్మిది. పద్దెనిమిది మంది.

పదిహేను ఖాళీ క్యాన్లు మాత్రం క్యాబిన్ వెనక గోడలా పేర్చి, పాత టార్పాలిన్ కప్పి, మిగతావి గేటు లోపల దింపేశాం. ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. తలలు వంచమన్నాను. వంటాయన అందరికంటే ముందు ఎక్కి, ఆ క్యాన్ల గోడ పక్కన కూర్చున్నాడు. పట్టీలు కిర్రుమంటూ కుంగాయి. హెడ్ కానిస్టేబుల్ చక్రం మీద నిలబడి, "రా, రా," అన్నాడు. చట్రానికీ కమ్మీకీ మధ్య దారం పట్టేంత వెలుగు కనపడింది. దాటాం.

"దిగుండ్రి! జల్దీ!"

ఒక్కొక్కరే దిగి గేటులోకి నడిచారు. నేను గేటు స్తంభం పక్కన నిలబడి లెక్కపెట్టాను. లెక్కపెట్టేటప్పుడు నేను మొహాలు చూడను. భుజాలు చూస్తాను. పదిహేను, పదహారు, పదిహేడు. ఆగిపోయింది.

డబ్బాలో ఎవరూ లేరు. క్యాన్ల గోడ ఉంది. దాని మీద టార్పాలిన్ ఉంది. అది ఎక్కించినప్పటికంటే అడుగు మేర ఇవతలికి వచ్చి ఉంది. బండి వెనక భాగం, ఖాళీగా ఉంటే ఎంత లేవాలో అంత లేవలేదు. నాకు తప్ప ఎవరికీ తెలియనంత తేడా, పావంగుళం.

"ఎంతయ్యా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. రిజిస్టరు చేతిలో ఉంది.

గేటు లోపల గడ్డం విద్యార్థి ఆగి వెనక్కి తిరిగాడు. వాడికి తెలుసు. వాళ్ళందరికీ తెలుసేమో. నేను పదిహేడు అంటే వంటాయన వ్యానులో ఉంటాడు, నా పాసు మాత్రం భద్రంగా ఉంటుంది. హెడ్ కానిస్టేబుల్ కొలువు కూడా. పద్దెనిమిది అంటే నన్ను నమ్మిన మనిషిని నేను మోసం చేసినట్టు.

"పద్దెనిమిది," అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి, తను కూడా లెక్కపెట్టుకున్నట్టు. రాసుకున్నాడు.

తార్నాక చౌరస్తా దాటేదాకా టార్పాలిన్ కదల్లేదు. నేను ఇంటి వైపు తిప్పలేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, షాపులన్నీ మూసి ఉన్నాయి. రామంతాపూర్ మీంచి అంబర్‌పేట వైపు పోయి గోల్నాక చేరాను. లెక్క తప్పు చెప్పాక నాకేదో జరుగుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఏమీ జరగలేదు. బండి మామూలుగానే నడిచింది.

వాళ్ళ సందు ఇరుకు. మొదట్లోనే ఆపాను. వంటాయన దిగి, మోకాళ్ళు సాగదీసుకుని, లోపలికి పరిగెత్తాడు. ఆ ఒళ్ళుతో అంత వేగంగా పరిగెత్తగలడని అనుకోలేదు. నేను వెళ్ళిపోదామనుకుంటుండగా పిల్లను తువ్వాల్లో చుట్టుకుని మళ్ళీ వచ్చాడు. క్యాబిన్ కిటికీలోంచి నా చేతుల్లో పెట్టాడు.

"ఎంతుంటది అన్నా? సెప్పు."

పసిపిల్లను ఎప్పుడూ తూచలేదు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి చూశాను.

"రెండు కిలోల ఆరొందలు. కొంచెం అటూ ఇటూ."

"వందగ్రాములు ఎక్కింది!" అని సందు లోపలికి తిరిగి అరిచాడు. లోపలి నుంచి ఆడగొంతు ఏదో అంది. అతను పిల్లను తీసుకుని, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"రేపు పొద్దున ఎన్నింటికి పోతావన్నా?"

"ఎందుకు?"

"నేను లోపలుండాల కదా. నాలుగొందల మందికి టిఫను. నేను ల్యాకపోతే కాంట్రాక్టరు ఇంకోణ్ణి పెడతాడు." పిల్ల మీది తువ్వాలు సర్దుతూ, "నీ లెక్క గూడ అంతే కదా," అన్నాడు.

అంతే. గేటు లోపల పద్దెనిమిది మంది ఉన్నారని రిజిస్టరు చెప్తోంది. పదిహేడు మందే ఉన్నారు. ఆ అంకె నిజం కావాలంటే నేను ఈ మనిషిని మళ్ళీ లోపలికి చేర్చాలి. అతను బయటికొచ్చాడని అనుకున్నాను గానీ ఒక పూటకు వచ్చాడు. నేనూ అతనితోపాటు ఇరుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే ప్లాంటు దగ్గర క్యాన్లు ఎక్కించాను. తొంభై నాలుగు కిలోలంటే ఐదు క్యాన్లకు ఆరు కిలోలు తక్కువ. యాభై అయిదు క్యాన్లు చుట్టూ పేర్చి, మధ్యలో బావిలా ఖాళీ వదిలి, గోల్నాక వెళ్ళి అతణ్ణి అందులో కూర్చోబెట్టి పైన టార్పాలిన్ కట్టాను. చట్రం పైభాగం మూడంగుళాలు కోయడానికి ఒక రంపం కూడా సీటు కింద పెట్టుకున్నాను. క్యాన్లు దింపాక లోపలే కోసుకుంటే బయటికి రావడానికి ఎవర్నీ అడగక్కరలేదు.

గేటు దగ్గర అదే హెడ్ కానిస్టేబుల్. "ఎన్ని?"

"యాభై అయిదండి. ఐదు తక్కువ."

నిజమే చెప్పాను. ఆ మాత్రం నిజం చెప్పగలిగినందుకు ధైర్యం వచ్చింది. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని, ముందురోజులాగే బండి పక్కన నడిచాడు. చట్రం కమ్మీ కిందకు రాగానే చెయ్యెత్తాడు. ఆపాను. చక్రం మీదకు ఎక్కి, చిటికెనవేలు పెట్టాడు. పట్టింది. తర్వాత ఉంగరపువేలు పెట్టబోయాడు. పట్టలేదు. దిగకుండా అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు.

"నిన్న అరవై," అన్నాడు. "వేలు సందు. ఇయ్యాల యాభై అయిదు. అదే వేలు."

నేను స్టీరింగు చూస్తూ కూర్చున్నాను.

"అంగుళానికి ఇరవై అంటివి. ఐదు తక్కువైతే బండి పావంగుళం లేవాలె. సందు తగ్గాలె గదా?"

ఆయనకు ఆ లెక్క నేర్పింది నేనే. నిన్న, అందరి ముందు, గొప్పగా.

"పట్టీలు కొత్తవండి," అన్నాను. "ఇంకా సర్దుకుంటున్నాయి."

ఆయన చక్రం మీంచి టార్పాలిన్ మీదకు చూశాడు. చెయ్యి చాస్తే అందేంత దూరం. చెయ్యి చాచలేదు. కిందకు దిగి, కుర్చీ దగ్గరికి పోయి, రిజిస్టరు తెరిచి రాశాడు. రాసిన పేజీ నా కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. క్యాన్లు యాభై అయిదు. డ్రైవరు ఒకరు. దాని పైన, నిన్నటి తేదీ కింద, బయటికి పద్దెనిమిది, లోపలికి పద్దెనిమిది.

"సూడు, కూడిక సక్కగున్నదా?"

"ఇప్పుడు సరిగ్గా ఉందండి," అన్నాను.

"పో మరి," అని కుర్చీలో కూర్చున్నాడు. నేను గేరు వేసి గట్టు వైపు మెల్లగా పోనిచ్చాను. కింద ఏమీ తగల్లేదు.